తాడుతో కట్టిన దిమ్మెల లెక్కలు ఎలా చేయాలి: త్వరణానికి మొత్తం, తన్యతకు ముక్క

నున్నటి బల్ల మీద 3 కిలోల దిమ్మె, దాన్ని ఆనుకుని 2 కిలోల దిమ్మె ఉన్నాయి. 3 కిలోల దిమ్మెను 20 న్యూటన్ల బలంతో రెండోదాని వైపు నెడుతున్నారు. రెండో దిమ్మె మీద ఎంత బలం పడుతుంది? ఇంటర్ మొదటి ఏడాది విద్యార్థుల్లో చాలామంది తడుముకోకుండా 20 అంటారు. సరైన జవాబు 8. మిగతా 12 ఎక్కడికి పోయిందో తెలిస్తే కప్పీలు, వాలు తలాలు, ఒకదాని మీద ఒకటి పెట్టిన దిమ్మెలు అన్నీ ఒకే పద్ధతిలో తేలిపోతాయి. ఒక్కోదానికి ఒక్కో సూత్రం బట్టీ పట్టనక్కర్లేదు. పట్టినా, ప్రశ్నలో ఒక్క మాట మారితే ఆ సూత్రం చెల్లదు.

కింది లెక్కలన్నిట్లో గురుత్వ త్వరణం 10 మీ/సె² అనుకుందాం. తన్యతకు, అంటే బిగిసిన తాడు లాగే బలానికి, టి అని, త్వరణానికి ఎ అని రాద్దాం.

మొదటి మెట్టు: ఏ వస్తువు గురించి రాస్తున్నారో ముందు తేల్చుకోండి

న్యూటన్ రెండో నియమాన్ని (నికర బలం = ద్రవ్యరాశి × త్వరణం) ఏదో ఒక వస్తువుకే రాయాలి. ఆ వస్తువు ఒక దిమ్మె కావచ్చు, రెండు దిమ్మెలు కలిపి కావచ్చు, దిమ్మెతో పాటు సగం తాడు కూడా కావచ్చు. మీ ఇష్టం. కానీ ఒకసారి ఎంచుకున్నాక బొమ్మలో దాని చుట్టూ పెన్సిల్‌తో చుక్కల గీత గీయండి. గీత బయటి నుంచి లోపలి వస్తువు మీద పనిచేసే బలాలే లెక్కలోకి వస్తాయి. ద్రవ్యరాశి కూడా గీత లోపల ఉన్నదే వేయాలి.

పై ప్రశ్నలో రెండు దిమ్మెల చుట్టూ కలిపి గీత గీయండి. అడ్డంగా బయటి బలం ఒక్కటే, 20 న్యూటన్లు. లోపలి ద్రవ్యరాశి 5 కిలోలు. అంటే ఎ = 20 ÷ 5 = 4 మీ/సె². దిమ్మెలు ఒకదాన్నొకటి నెట్టుకునే బలాలు గీత లోపలే ఉన్నాయి. మూడో నియమం ప్రకారం అవి సమానం, వ్యతిరేకం కాబట్టి కూడితే సున్నా.

ఇప్పుడు 2 కిలోల దిమ్మె చుట్టూ మాత్రమే గీత గీయండి. చేయి దాన్ని తాకడం లేదు. అడ్డంగా నెట్టేది మొదటి దిమ్మె ఒక్కటే. ఆ నెట్టుడు 2 × 4 = 8 న్యూటన్లు. 20 అంతా రెండో దిమ్మెకే చేరిందనుకుంటే, మూడో నియమం ప్రకారం అది మొదటి దిమ్మెను 20తోనే వెనక్కి నెట్టాలి. అప్పుడు మొదటి దిమ్మె మీద నికర బలం సున్నా, దాని త్వరణం కూడా సున్నా. కానీ అది 4 మీ/సె² త్వరణంతో పోతోంది. ఆ 12 న్యూటన్లు 3 కిలోల దిమ్మెను త్వరణింపజేయడానికే ఖర్చయ్యాయి.

అదే జతను రెండో వైపు నుంచి, అంటే 2 కిలోల దిమ్మె మీద 20 పెట్టి నెట్టండి. త్వరణం మళ్లీ 4. మధ్యలో స్పర్శా బలం మాత్రం ఈసారి 3 × 4 = 12. త్వరణం మారకుండా స్పర్శా బలం మారడం పరీక్షల్లో తరచూ అడిగే అంశం. నెట్టే బలం అంతే ఉన్నా, స్పర్శా బలం తాకే చోటుకు అవతల ఎంత ద్రవ్యరాశి ఉందో దాన్ని బట్టి మారుతుంది.

రెండో మెట్టు: బలాల జాబితా

ఎంచుకున్న వస్తువును విడిగా గీసి బాణాలు వేయడమే స్వేచ్ఛా వస్తు పటం, క్లాసులో అందరూ ఎఫ్‌బీడీ అనేది. బాణాలు వేసేటప్పుడు రెండే ప్రశ్నలు వేసుకోండి. భూమి దీన్ని ఎంతతో లాగుతోంది? దీన్ని ఏవేవి తాకుతున్నాయి? తాకే ప్రతిదానికీ ఒక బలం ఉంటుంది, నేలకైతే అభిలంబ బలం (తలానికి లంబంగా నెట్టేది), ఘర్షణ రెండూ ఉండొచ్చు. తాకనిది ఏదీ బొమ్మలోకి రాదు.

ఇక్కడ దొర్లే తప్పులు ఎక్కువగా రెండు. ఒకటి, ద్రవ్యరాశి ఇంటూ త్వరణాన్ని కూడా ఒక బలంగా బాణం వేయడం. అది బలాలన్నీ కలిశాక వచ్చే ఫలితం, సమీకరణంలో కుడివైపు ఉండాల్సింది. రెండోది, వేలాడే వస్తువు కనిపించగానే తాడు తన్యత దాని బరువుకు సమానం అని రాసేయడం. వస్తువు కదలకుండా ఉన్నా, స్థిర వేగంతో పోతున్నా అది నిజమే. త్వరణంతో కిందికి దిగుతుంటే తన్యత బరువు కన్నా తక్కువ, త్వరణంతో పైకి లేస్తుంటే ఎక్కువ.

తన్యత బాణం ఎప్పుడూ వస్తువు నుంచి తాడు వెంట బయటికే. తాడు లాగగలదు గానీ నెట్టలేదు. చివరికి తన్యత రుణ సంఖ్యగా వస్తే తాడు వదులైపోయిందని అర్థం. అంటే దిమ్మెలు కలిసి కదులుతున్నాయని మీరు అనుకున్నదే తప్పు. తాడు లేదనుకుని ఒక్కో దిమ్మెకు విడివిడిగా మళ్లీ చేయాలి.

మూడో మెట్టు: కదిలే దారి వెంట ధన దిశ పెట్టండి

కప్పీ మీదుగా తాడు, ఒక కొసన 5 కిలోలు, మరో కొసన 3 కిలోలు. దీన్నే ఆట్‌వుడ్ యంత్రం అంటారు. జార్జ్ ఆట్‌వుడ్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త 1784లో దీన్ని వివరించాడు. రెండు దిమ్మెలకూ పై దిశనే ధనంగా తీసుకుంటే ఒకదాని త్వరణం ఎ, రెండోదానిది మైనస్ ఎ అవుతుంది. గుర్తుల దగ్గర పొరపాటు జరిగేది అక్కడే. దాని బదులు తాడు పోయే దారినే ధన దిశ అనుకోండి: 5 కిలోల వైపు కిందికి, 3 కిలోల వైపు పైకి. ఇక రెండింటి త్వరణమూ ఒకే గుర్తుతో ఎ.

5 కిలోలకు: 50 − టి = 5ఎ
3 కిలోలకు: టి − 30 = 3ఎ

కూడితే టి పోయి 20 = 8ఎ, అంటే ఎ = 2.5 మీ/సె². టి = 50 − 12.5 = 37.5 న్యూటన్లు. రెండో సమీకరణంలో సరిచూస్తే 37.5 − 30 = 7.5 = 3 × 2.5. సరిపోయింది. టి కనుక్కోవడానికి ఒక సమీకరణం వాడితే, సరిచూడటానికి తప్పకుండా రెండోది వాడండి. అర నిమిషం కూడా పట్టదు, గుర్తుల తప్పు ఏదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది.

ఇప్పుడు కప్పీని పైకప్పుకు తగిలించిన కొక్కేన్ని చూడండి. అక్కడొక స్ప్రింగ్ త్రాసు పెడితే ఎంత చూపిస్తుంది? మొత్తం బరువు 80 న్యూటన్లు కాబట్టి 80 అనిపిస్తుంది. కానీ కప్పీని కిందికి లాగేది తాడు రెండు కొసలే. అంటే 2 × 37.5 = 75 న్యూటన్లు, కప్పీ బరువు లేదనుకుంటే. తక్కువైన 5 న్యూటన్లకూ లెక్క ఉంది: 5 కిలోలు కిందికి, 3 కిలోలు పైకి, ఒకే 2.5తో త్వరణిస్తున్నాయి కాబట్టి మొత్తం మీద కిందికి (5 − 3) × 2.5 = 5 న్యూటన్ల నికర బలం ఉండాలి. 80 − 75 అదే. దిమ్మెలు కదలకుండా చేత్తో తాడును కప్పీకి నొక్కి పట్టుకుంటే త్రాసు వెంటనే 80 చూపిస్తుంది, చేయి కప్పీని పైకీ కిందికీ తోయనంత వరకు.

ఈ యంత్రం అసలు ఉపయోగం గురుత్వాన్ని నెమ్మదింపజేయడం. ల్యాబ్‌లో చేయాలంటే రెండు వైపులా 500 గ్రాములు పెట్టి, ఒక వైపు 10 గ్రాములు అదనంగా వేయండి. లాగే బలం 10 గ్రాముల బరువు, కదిలే ద్రవ్యరాశి 1,010 గ్రాములు. త్వరణం సుమారు 0.1 మీ/సె². ఒక మీటరు దిగడానికి నాలుగున్నర సెకన్లు పడుతుంది, మామూలు స్టాప్‌వాచ్ చాలు. అదే మీటరు స్వేచ్ఛగా పడితే అర సెకను కూడా పట్టదు. కొలిచిన త్వరణం లెక్క కన్నా తక్కువ వస్తే కప్పీ ఇరుసు దగ్గర ఘర్షణ ఉందని అర్థం. ముందుగా 10 గ్రాములు వేయకుండా, దిగాల్సిన వైపు చిన్న చిన్న కాగితం ముక్కలు తగిలిస్తూ, కొద్దిగా తోస్తే స్థిర వేగంతో సాగేదాకా సర్దండి. ఆ తర్వాత 10 గ్రాములు వేస్తే ఇరుసు ఘర్షణ చాలావరకు లెక్కలోంచి పోతుంది.

నాలుగో మెట్టు: ఘర్షణ ఉంటే, అసలు కదులుతుందా అని ముందు చూడండి

బల్ల మీద 3 కిలోలు, అంచున కప్పీ మీదుగా 2 కిలోలు వేలాడుతున్నాయి. గతిక (కదిలేటప్పటి) ఘర్షణ గుణకం 0.2, స్థైతిక (కదలక ముందటి) ఘర్షణ గుణకం 0.3; గుణకాన్ని అభిలంబ బలంతో గుణిస్తే ఘర్షణ వస్తుంది, స్థైతికానికైతే దాని గరిష్ఠం. లాగే బలం 20 న్యూటన్లు. స్థైతిక ఘర్షణ ఆపగలిగేది గరిష్ఠంగా 0.3 × 30 = 9. 20 దాన్ని దాటింది కాబట్టి కదులుతుంది. కదిలాక ఘర్షణ 0.2 × 30 = 6. మొత్తానికి 20 − 6 = 5ఎ, ఎ = 2.8 మీ/సె². వేలాడే దిమ్మె నుంచి టి = 20 − 5.6 = 14.4. బల్ల మీది దిమ్మెతో సరిచూస్తే 14.4 − 6 = 8.4 = 3 × 2.8.

స్థైతిక గుణకం 0.8 అని ఇస్తే గరిష్ఠం 24, లాగేది 20. కదలదు. అప్పుడు ఘర్షణ 24 కాదు, సరిగ్గా 20. టి కూడా 20. ఘర్షణ గుణకం కనిపించగానే అభిలంబ బలంతో గుణించి వేసేస్తే త్వరణం మైనస్‌లో వస్తుంది. దిమ్మె వెనక్కి పోతుందని దాన్ని చదవడం పెద్ద పొరపాటు. ఘర్షణ కదలికను ఆపుతుందే గానీ, నిలిచి ఉన్న వస్తువును తానే వెనక్కి పరుగెత్తించదు.

వాలు తలం మీద ఇదే విషయం ఇంకాస్త తికమక పెడుతుంది, ఎందుకంటే ఘర్షణ ఏ వైపో ముందు తెలియదు. 37 డిగ్రీల వాలు మీద 5 కిలోలు, వాలు పైకొసన కప్పీ మీదుగా 4 కిలోలు వేలాడుతున్నాయి. ఈ కోణానికి సైన్ 0.6, కొసైన్ 0.8. ముందు ఘర్షణ లేదనుకోండి. వేలాడే వైపు లాగుడు 40, వాలు వెంట కిందికి లాగుడు 50 × 0.6 = 30. అంటే దిమ్మె వాలు పైకి పోవాలని చూస్తోంది, 10 న్యూటన్ల తేడాతో. కాబట్టి ఘర్షణ వాలు కిందికి. స్థైతిక గుణకం 0.5 అయితే గరిష్ఠం 0.5 × 40 = 20. అది 10 కన్నా ఎక్కువ, కదలదు, ఘర్షణ 10. ఘర్షణ దిశను గుడ్డిగా వాలు పైకే వేసే అలవాటు, తాడు లేని ఒంటరి దిమ్మె లెక్కల నుంచి వచ్చింది. ఇక్కడ పనికిరాదు.

ఈ పద్ధతిలోనే తేలే మంచి ఫలితం ఒకటి ఉంది. చదునైన నేల మీద 3 కిలోలు ముందు, 2 కిలోలు వెనక, మధ్యలో తాడు. ముందు దాన్ని 30 న్యూటన్లతో అడ్డంగా లాగుతున్నారు, రెండింటికీ గతిక గుణకం 0.2. ఘర్షణలు 6, 4. ఎ = (30 − 10) ÷ 5 = 4. వెనక దిమ్మెకు టి − 4 = 8, టి = 12. ఘర్షణే లేకపోతే ఎ = 6, టి = 12. అదే! రెండు దిమ్మెలకూ గుణకం ఒకటే అయితే, అవి కదులుతున్నంత వరకు తన్యత మీద ఘర్షణ ప్రభావం కనబడదు. గుణకాలు వేరైతే ఇది చెల్లదు.

ఒకదాని మీద ఒకటి ఉన్న దిమ్మెలు

నున్నటి నేల మీద 3 కిలోల దిమ్మె, దాని మీద 2 కిలోల దిమ్మె. వాటి మధ్య ఘర్షణ గుణకం 0.4, స్థైతికం, గతికం రెండూ అదే అనుకుందాం. కింది దిమ్మెను లాగితే పైదాన్ని ముందుకు తీసుకెళ్లేది ఘర్షణ ఒక్కటే. అది గరిష్ఠంగా 8 న్యూటన్లు. అంటే పై దిమ్మెకు 4 మీ/సె² మించి త్వరణం రాదు. రెండూ కలిసి 4తో పోవాలంటే లాగే బలం 5 × 4 = 20. అంతవరకు కలిసి పోతాయి, దాటితే పైది వెనక్కి జారుతుంది. ఉదాహరణకు 25తో లాగితే పైదానికి 4, కిందిదానికి (25 − 8) ÷ 3, సుమారు 5.67.

పై దిమ్మెను లాగితే హద్దు మారిపోతుంది. ఇప్పుడు కిందిదాన్ని కదిలించేది ఆ 8 న్యూటన్ల ఘర్షణ. దాని గరిష్ఠ త్వరణం 8 ÷ 3, సుమారు 2.67. కలిసి పోయే గరిష్ఠ బలం 5 × 8 ÷ 3, సుమారు 13.3 మాత్రమే. ఏ దిమ్మెను ఘర్షణ ఒక్కటే నడిపిస్తోందో చూడండి, హద్దు అక్కణ్నుంచే వస్తుంది.

కదిలే కప్పీ ఉంటే: తాడు పొడవు రాయండి

ఇంతవరకు రెండు వైపులా త్వరణం ఒకటే. కదిలే కప్పీ వస్తే అది మారుతుంది. బల్ల మీద 1 కిలో దిమ్మె, ఘర్షణ లేదు. తాడు దాని నుంచి అంచున ఉన్న కప్పీ మీదుగా కిందికి దిగి, కదిలే కప్పీ కింద నుంచి చుట్టి తిరిగి పైకప్పుకు కట్టి ఉంది. కదిలే కప్పీకి 6 కిలోలు వేలాడుతున్నాయి. కప్పీలకు ద్రవ్యరాశి లేదు.

కదిలే కప్పీ 10 సెంటీమీటర్లు దిగితే దాని రెండు పక్కలా తాడు పదేసి సెంటీమీటర్లు పెరగాలి. మొత్తం 20. తాడు సాగదు కాబట్టి ఆ 20 బల్ల మీది నుంచే రావాలి. దూరం రెట్టింపు అయితే వేగమూ త్వరణమూ రెట్టింపే. బరువు త్వరణం ఎ అయితే దిమ్మెది 2ఎ. బలాల వైపు చూస్తే దిమ్మెను లాగేది ఒక టి, బరువును పైకి లాగేవి రెండు టి.

దిమ్మెకు: టి = 1 × 2ఎ
బరువుకు: 60 − 2టి = 6ఎ

మొదటిదాన్ని రెండోదాంట్లో పెడితే 60 = 10ఎ, ఎ = 6, టి = 12. బల్ల మీది దిమ్మె త్వరణం 12 మీ/సె². గురుత్వ త్వరణం కన్నా ఎక్కువ వచ్చిందని కంగారుపడి కొట్టేయకండి. స్వేచ్ఛగా పడే వస్తువుకే 10 హద్దు. ఇక్కడ బరువు 6తోనే దిగుతోంది, కప్పీ అమరిక దాన్ని రెట్టింపు చేసింది. ఇలాంటి అమరికల్లో మొత్తం బలాన్ని మొత్తం ద్రవ్యరాశితో భాగించే అడ్డదారి పనికిరాదు, రెండు త్వరణాలు వేరు కాబట్టి. ఒక్కో వస్తువుకు ఒక్కో సమీకరణం రాయాల్సిందే.

తాడుకే ద్రవ్యరాశి ఉంటే

‘తేలికైన తాడు’ అన్న మాట వల్లే తాడు పొడవునా టి ఒకటే అని రాస్తున్నాం. నున్నటి నేల మీద 4 కిలోల దిమ్మెను 1 కిలో తాడుతో 20 న్యూటన్లు పెట్టి అడ్డంగా లాగితే ఎ = 4. తాడు చేతి కొసన తన్యత 20. మధ్యలో గీత గీసి వెనక ఉన్నదంతా తీసుకుంటే ద్రవ్యరాశి 4.5 కిలోలు, తన్యత 18. దిమ్మె దగ్గర 16. ఏ చోటైనా తన్యత, దాని వెనక ఉన్న ద్రవ్యరాశికి తగ్గట్టే.

గూడ్సు రైలు కప్లింగులకూ, అంటే వ్యాగన్లను ఒకదానికొకటి కలిపే కొక్కేలకూ, ఇదే లెక్క. 58 వ్యాగన్లు, ఒక్కోటి 80 టన్నులు, త్వరణం 0.05 మీ/సె² అనుకుందాం. చక్రాల దగ్గరి నిరోధం వదిలేస్తే ఒక్కో వ్యాగనుకు 4,000 న్యూటన్లు కావాలి. చివరి కప్లింగు మోసేది ఆ 4,000. మధ్యలోది 1,16,000. ఇంజను వెనక ఉన్న మొదటిది 2,32,000. తెగేదైతే ముందుగా ప్రమాదం దానికే. 2021 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే మూడేసి గూడ్సు రైళ్లను కలిపి 177 వ్యాగన్లతో ‘త్రిశూల్’, ‘గరుడ’ అనే పొడవాటి రైళ్లు నడిపింది. అంత పొడవైన రైలును ముందున్న ఇంజన్లతోనే లాగాలంటే భారమంతా మొదటి కప్లింగు మీదే పడుతుంది. మధ్యలో ఒక ఇంజను పెట్టి దాని వెనక వ్యాగన్లను దానికే వదిలేస్తే, ముందు కప్లింగు తన భాగం వరకే మోస్తే చాలు.

కప్పీకే ద్రవ్యరాశి ఉంటే

ఆట్‌వుడ్ లెక్కలోనే కప్పీ 2 కిలోల బిళ్ల అనుకోండి, తాడు దాని మీద జారకుండా దాన్ని తిప్పుతోంది. కప్పీ తిరగాలంటే రెండు పక్కలా తన్యత వేరుగా ఉండాలి. బిళ్ల ఆకారానికి ఆ తేడా సగం ద్రవ్యరాశి ఇంటూ ఎ. వ్యాసార్ధం రెండు వైపులా కొట్టుకుపోతుంది. కాబట్టి 20 = (8 + 1)ఎ, ఎ సుమారు 2.22. 5 కిలోల వైపు తన్యత 38.9, 3 కిలోల వైపు 36.7. తేడా 2.2, సగం ద్రవ్యరాశి 1 కిలో ఇంటూ ఎ అదే. ప్రశ్నలో కప్పీ ద్రవ్యరాశి ఇచ్చి, తాడు జారదు అని కూడా చెప్పారంటే, మొదటి సమీకరణం రాసే ముందే రెండు పక్కల తన్యతలకు టి₁, టి₂ అని వేర్వేరు పేర్లు పెట్టండి.